తొమ్మిది మూతల లెక్క

బల్లార్షా,
ఆదివారం

చిన్నా,

నిన్న ఫోనులో "తాగుడు మానేయమని మాత్రం అనకు అమ్మా, తగ్గించుకుంటాను" అన్నావు. నేను సరేనని పెట్టేశాను. ఆ సరే కోపంతో అన్నది కాదు, ఒప్పుకుని అన్నదీ కాదు. రాత్రంతా ఆలోచించాను. ఫోనులో అయితే మధ్యలో నువ్వు అడ్డుపడతావు, నాకు ఏడుపు వస్తుంది. అందుకే రాస్తున్నాను.

దసరాకు వచ్చినప్పుడు నీకు తెలియకుండా ఒక పని చేశాను. రాత్రి గ్లాసులో విస్కీ పోసుకున్నావు. నీళ్లు కలపబోతుంటే ఫోను మోగింది, మాట్లాడుతూ గేటు దాకా వెళ్లావు. పాప జ్వరం మందు సీసా ఆ బల్ల మీదే ఉంది. దాని మూత పది మిల్లీలీటర్లది. నీ గ్లాసులో ఉన్నదాన్ని ఆ మూతతో కొలిచాను. తొమ్మిది మూతలు వచ్చింది. మళ్లీ గ్లాసులో పోసి ఎక్కడిదక్కడ పెట్టాను. నువ్వు వచ్చి తాగావు, తర్వాత అంతే ఇంకొకటి పోసుకున్నావు. మర్నాడు కోడలు అడిగితే "రెండే పెగ్గులు" అన్నావు. నువ్వు అబద్ధం ఆడలేదని నాకు తెలుసు. నీ కంటికి అవి రెండే.

కొలిస్తే ఆరు. 30 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దగ్గర డాక్టర్లు లెక్కపెట్టే ఒక కొలత అది. నీ రెండు గ్లాసుల్లో క్వార్టర్ సీసా మొత్తం ఖాళీ అయింది. బీరు అయితే తేలిక అనుకోకు. ఎనిమిది శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఒక్కటే నాలుగు కొలతలు. ఒక్కో కొలతను కరిగించడానికి కాలేయానికి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నల్ల కాఫీ తాగినా, తల మీద చన్నీళ్లు పోసుకున్నా అది తొందరపడదు. అర్ధరాత్రికి ఆరు కొలతలు తాగినవాడు పొద్దున ఐదింటికి పాపను వెనక కూర్చోబెట్టుకుని బస్టాండుకు బండి తీశాడు. ఆ రోజు నేను గేటు దగ్గర నిలబడి ఏమీ అనలేకపోయాను. ఇప్పటికీ ఆ మౌనం నన్ను బాధిస్తోంది.

అయినా వెంటనే పూర్తిగా మానెయ్ అని ఎందుకు గట్టిగా అనలేదో చెబుతాను. వార్డులో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని. కాలు విరిగి చేరిన ఒక గని కార్మికుణ్ణి ఎప్పటికీ మరచిపోలేను. మందు అలవాటు ఉందా అంటే "ఎప్పుడో పండక్కి" అన్నాడు. మూడో రాత్రి చేతులు వణుకుతూ, ఒళ్లంతా చెమటలతో, దుప్పటి మీద లేని పురుగులను ఏరడం మొదలుపెట్టాడు. రోజూ తాగే శరీరానికి ఒక్కసారిగా ఆపేస్తే అలా జరగవచ్చు. మూర్ఛలు రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు, మత్తు మందులు ఇచ్చి డాక్టరు అతన్ని గట్టెక్కించారు. 2015 ఏప్రిల్‌లో మన చంద్రపూర్ జిల్లాలో దారూబందీ, అంటే మద్యనిషేధం, వచ్చిన మొదటి వారంలోనూ అలాంటివాళ్లను చూశాను.

అందుకే దసరా మరునాడు పొద్దున నీ చేతిలో టీ కప్పునే చూస్తూ కూర్చున్నాను. వణకలేదు. వణికి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు, నిన్ను నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ఎప్పుడైనా పొద్దున లేవగానే చెయ్యి వణికినా, ఒక గుక్క పడితే తప్ప కుదుటపడనట్టు అనిపించినా, సొంతంగా తగ్గించడానికీ మానడానికీ పూనుకోకు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు.

మీ నాన్న కూడా తగ్గించాలనే చూశారు. నాలుగుసార్లు చూశారు. ఆదివారం మాత్రమే అన్నారు. తర్వాత ఆదివారంతో పాటు జీతం రోజు కూడా చేరింది. తర్వాత రాత్రి షిఫ్టు అయిపోయిన రోజు. చివరికి తాగనిది ఏ రోజో నేనే వెతుక్కోవలసి వచ్చింది. నువ్వు ఏడో తరగతిలో ఉండగా పూర్తిగా మానేశారు. "ఒకటా రెండా అని రోజూ నాతో నేను బేరమాడటం తప్పింది, ఇప్పుడు హాయిగా ఉంది" అన్నారు. అదే ఇంట్లో పెద్ద మామయ్యను కూడా చూశాను. కల్లు రోజుల్లో రెండు ముంతలు తాగి, ముంత బోర్లించేవాడు. ఎవరు ఎంత బతిమాలినా మూడోది ముట్టేవాడు కాదు. వాళ్లిద్దరినీ కళ్లారా చూసినదాన్ని కనుక, అందరికీ ఒకే దారి అని నేను అనలేను. నువ్వు ఎవరి పోలికో నాకు తెలియదు. నీకూ తెలియదు. తెలుసుకోవాలి.

అమెరికాలో 1994లో ఆడ్రీ కిష్లైన్ అనే ఆవిడ నీలాంటివాళ్ల కోసమే మోడరేషన్ మేనేజ్‌మెంట్ అనే బృందాన్ని స్థాపించింది. మొదట ముప్పై రోజులు చుక్క ముట్టకుండా ఉండి, తర్వాతే మితంగా తాగడం మొదలుపెట్టాలని వాళ్ల పద్ధతి. 2000లో ఆవిడే, తనకు మితం కుదరడం లేదని ఒప్పుకుని పూర్తిగా మానేస్తానంది. అది కూడా నిలబడలేదు. రెండు నెలలకే తాగి వాహనం నడిపి ఒక తండ్రినీ, పన్నెండేళ్ల అతని కూతురినీ చంపింది. ఆ పద్ధతి తప్పని చెప్పడానికి ఇది రాయడం లేదు, దానితో బాగుపడినవాళ్లు ఉన్నారు. తన వల్ల కావడం లేదని తెలుసుకోవడానికి ఆవిడకు అన్నేళ్లు పట్టింది. నీకు అంత వ్యవధి ఇవ్వను.

నువ్వూ ముందు ముప్పై రోజులు చుక్క కూడా ముట్టకు. మన ఊళ్లో దారూబందీ ఆరేళ్లు నడిచింది, 2021లో ఎత్తేశారు. ఆ చట్టం కోసం చిమూర్ నుంచి నాగపూర్ దాకా నడిచిన ఆడవాళ్ల కష్టం నాకు తెలుసు, వాళ్లను ఒక్క మాట అనను. కానీ ఆ ఆరేళ్లలో మగవాళ్లు దాచుకుని, నిలబడి, గుటగుటా మింగడం నేర్చుకున్నారు. నీ వేగం అక్కడే అబ్బిందని నా అనుమానం. ఇరవై రెండేళ్ల వయసులో స్నేహితులతో సరిహద్దు దాటి వెళ్లి తాగి వచ్చేవాడివి. ముప్పై రోజులు పోతే ఆ చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది.

తర్వాత తాగే రోజున, ఎన్ని కొలతలో సాయంత్రమే కోడలికి చెప్పు. గ్లాసు పట్టుకున్నాక తీసుకునే నిర్ణయాన్ని నేను నమ్మను. అన్నం తిన్నాకే మొదలుపెట్టు, పల్లీలు నంజుకుంటే కడుపు నిండినట్టు కాదు. రెండు కొలతలు దాటొద్దు. వారంలో ఎక్కువ రోజులు ఖాళీగానే ఉండాలి. ఇంట్లో సీసా ఉంచకు. కోపం వచ్చిన రోజు, ఆఫీసులో మాట పడిన రోజు అసలు వద్దు. మీ వంటింట్లో కాలనిర్ణయ్ క్యాలెండరు ఉంది కదా, ఆ తేదీ గడిలోనే అంకె వెయ్యి. తాగకపోతే సున్నా వెయ్యి.

ఇంత చేసినా క్షేమం అని మాత్రం అనుకోకు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నువ్వు చేసేది హాని తగ్గించుకోవడమే. మూడు నెలల తర్వాత క్యాలెండరు ఫొటో నాకు పంపు. గడుల్లో నువ్వు చెప్పిన అంకెలు దాటి ఉంటే నేను తిట్టను, మీ నాన్నా ఏమీ అనరు. మీ నాన్న దారికి వద్దువుగాని, ఆయనే వచ్చి నీ పక్కన ఉంటానన్నారు.

కారప్పొడి, సకినాలతో పాటు ఆ మూత కూడా పార్సిల్‌లో పెట్టాను. వేడి నీళ్లతో కడిగాను. ఒక కొలతకు మూడు మూతలు. పాప మందుకు వేరేది తీసుకోండి, దీన్ని మళ్లీ దానికి వాడొద్దు.

అమ్మ