డిసెంబర్ ఉత్తరం: ప్యానెల్‌కి చలేస్తుందా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దడం అవుతా ఉంది, మార్కుల సంగతి క్లాస్ టీచర్లు చెప్తారు, ఈసారి నేను వేరే విషయం రాస్తా. పోయిన నెల ఏడో తరగతి పిలకాయలకి సైన్స్ ప్రాజెక్టు కింద మా ఇంటి కరెంటు అని ఇచ్చినాం. అందులో ఒక పాప, చలికాలంలో సోలార్ ప్యానెల్‌కి చలేసి కరెంటు తక్కువ చేస్తుంది, మా నాయన చెప్పినాడు అని రాసింది. టీచరమ్మ దాన్ని తప్పు అని కొట్టేయకుండా నా దగ్గరికి తెచ్చింది, మంచి పని చేసింది, ఎందుకంటే కరెంటు తగ్గడం నిజమే, కారణం మాత్రం చలి కాదు.

ఆ వారంలోనే పేరెంట్స్ మీటింగ్‌లో ముగ్గురు నలుగురు ఇదే అడిగినారు. 2024లో ఇంటి మిద్దె మీద సోలార్‌కి కేంద్రం సూర్యఘర్ పథకం వచ్చినాక మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అని మన వీధుల్లో చాలామంది ప్యానెల్స్ పెట్టించుకున్నారు కదా, ఎండాకాలం బాగా వచ్చింది మేడమ్, నవంబర్‌లో ఫోన్లో ఆప్ తెరిస్తే సగం కూడా లేదు, ప్యానెల్స్ చెడిపోయినాయా అని వాళ్ల దిగులు. అప్పుడు టైం లేక రెండు ముక్కలు చెప్పి పంపించినా, అది మనసులో ఉండిపోయింది, అందుకే ఇప్పుడు కూర్చుని వివరంగా రాస్తా ఉన్నా.

ముందు చలి సంగతి. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. నిజానికి వేడి దానికి పడదు. ప్యానెల్ వెనక రాసుండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, ఆపైన ఒక్కో డిగ్రీ ఎక్కే కొద్దీ సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గతా పోతుంది. మన తిరుపతి మే నెల ఎండకి మిద్దె మీద కాలు పెట్టలేం, ఆ టైంలో ప్యానెల్ 60, 65 డిగ్రీలు ఎక్కేస్తుంది, అంటే అంత ఎండలో కూడా నూటికి పన్నెండు పద్నాలుగు వంతులు వేడికే పోతాయి. జనవరిలో సంక్రాంతి దాటినాక ఆకాశం తేటగా ఉండి చల్లగాలి కొడతా ఉంటే అదే ప్యానెల్ హాయిగా పని చేస్తుంది, ఫిబ్రవరి, మార్చి దానికి మంచి రోజులు. కాబట్టి ఆ పాప వాళ్ల నాయనకి చెప్పాల్సింది ఇదీ, ప్యానెల్‌కి చలెయ్యదు, ఉక్కపోస్తుంది.

మరి నవంబర్, డిసెంబర్‌లో ఎందుకు తగ్గింది అంటే మనకి వేరే ఊర్ల లెక్క కాదు, ఈశాన్య రుతుపవనాల వానలు పడేది ఈ నెలల్లోనే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే నాలుగైదు రోజులు ముసురు, 2021 నవంబర్‌లో ఊరు మునిగిన రోజులు, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను రోజులు మీకే గుర్తుంటాయి. అట్లాంటి రోజుల్లో మామూలుగా వచ్చేదాంట్లో పదో వంతు, మహా అయితే పావు వంతు వస్తే గొప్ప. పగలు పొట్టిదవడం కూడా ఉంది కానీ అది చిన్న విషయం, జూన్‌లో మనకి పగలు దగ్గర దగ్గర 13 గంటలు, డిసెంబర్‌లో పదకొండుంబావు, అంతే తేడా.

మబ్బు రోజు ఆ కొంచెమన్నా ఎట్లా వస్తుంది అని పిలకాయలు అడిగినారు, చాలా మంచి ప్రశ్న. తిరుమలలో అన్నదానం వంటకి ఆవిరి పుట్టించడానికి 2002లో పెద్ద సోలార్ డిష్‌లు పెట్టినారు, అవి అద్దాల్లాంటివి, నేరుగా పడే ఎండని ఒకచోటికి చేరిస్తేనే వేడి పుడుతుంది, మబ్బు పడితే ఇంక పని జరగదు. మన ఇంటి ప్యానెల్ అట్లా కాదు, మబ్బుల్లోంచి చెదిరి వచ్చే వెలుతుర్ని కూడా తీసుకుంటుంది.

మన స్కూల్ మిద్దె మీదుండే 5 కిలోవాట్ల ప్యానెల్స్‌కి ఏడో తరగతి వాళ్లు రెండు వారాలు లెక్క రాసినారు. వాళ్లు కనిపెట్టిన పద్ధతి నాకు భలే నచ్చింది, ప్రేయర్ టైంకి గ్రౌండ్‌లో నిలబడి శేషాచలం కొండ కనిపిస్తా ఉందా లేదా అని రాసుకుని సాయంత్రం ఇన్వర్టర్, అంటే ప్యానెల్ కరెంటుని ఇంటికి పనికొచ్చేట్టు మార్చే పెట్టె, దాని మీద యూనిట్లు చూసి రాసినారు. కొండ స్పష్టంగా కనిపించిన రోజు 19 యూనిట్లు, కొండే లేనట్టు ముసురు పట్టిన రోజు 4. ఇంకో రకం రోజు కూడా దొరికింది వాళ్లకి, పొద్దున ఎనిమిదికి మంచులో కొండ కనపడదు, పదికల్లా విడిపోతుంది, ఆ రోజు 17 వచ్చింది, అంటే పొగమంచుకి మనం అనుకున్నంత నష్టం లేదు.

ఇప్పుడు అసలు చూసుకోవాల్సిన విషయం, నీడ. ఇది నా ఇంట్లో జరిగింది. మే నెలలో ప్యానెల్స్ బిగించినారు, మెట్ల గదికి ఉత్తరం పక్కన, అప్పుడు మధ్యాహ్నం చుక్క నీడ లేదు, ఎందుకంటే ఆ నెలలో మనకి సూర్యుడు నడినెత్తి దాటి ఇంకొంచెం ఉత్తరానికి పోయుంటాడు. డిసెంబర్ వచ్చేసరికి దక్షిణానికి వాలిపోయి మిట్టమధ్యాహ్నం కూడా 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నాలుగడుగుల గోడ ఉంటే మూడడుగుల నీడ ఉత్తరం వైపు పడుతుంది. రెండు ప్యానెల్స్ మీద సగం నీడ, తగ్గింది మాత్రం దానికంటే చాలా ఎక్కువ. ప్యానెల్స్‌ని వరసగా ఒకదానికొకటి కలిపుంటారు, నీళ్ల పైపుని ఒకచోట కాలితో తొక్కితే మొత్తం ధార తగ్గినట్టు అవుతుంది, లోపల నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చే డయోడ్లు ఉంటాయి కాబట్టి పూర్తిగా ఆగదు కానీ నష్టం నష్టమే. నేను ఆ ఏడాదంతా మబ్బుల్ని తిట్టుకున్నా, తర్వాత చలికాలం ఒక ఆదివారం గంటగంటకీ మిద్దె ఎక్కి చూస్తే గానీ తెలియలేదు. ఆ రెండింటినీ పక్కకి జరిపించినాం, సరిపోయింది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు దయచేసి డిసెంబర్ నీడ ఎక్కడ పడుతుందో చూసి బిగించమనండి, వాటర్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటి టెంకాయ చెట్టు అన్నీ చూడండి.

బిల్లు పెరిగిందన్నవాళ్లు గీజర్ కూడా లెక్కేసుకోండి, 2 కిలోవాట్ల గీజర్ గంట వేస్తే 2 యూనిట్లు, ధనుర్మాసంలో తెల్లారుజామునే అందరికీ వేన్నీళ్లు కావాలి, ఆ టైంకి ప్యానెల్ ఇంకా లేవలేదు.

తుపాను రోజు కరెంటు పోతే సోలార్ ఉండి కూడా ఇల్లు చీకటి ఏంది మేడమ్ అని ఒక అవ్వ అడిగింది. బ్యాటరీ లేని సిస్టమ్ లైన్లో కరెంటు లేకపోతే తానే ఆగిపోతుంది, స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి షాక్ కొట్టకూడదని అట్లా పెట్టినారు. ఆ అన్న కూడా ఒకరింటి బిడ్డే కదా అంటే అవ్వ, అట్లయితే ఉండనీ తల్లీ అనింది.

సంక్రాంతి సెలవుల్లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిలకాయలకి ఒక చిన్న నోట్‌బుక్ ఇస్తా ఉన్నాం, సోలార్ ఉండేవాళ్లు రోజూ యూనిట్లు, లేనివాళ్లు కరెంటు మీటర్ రీడింగ్, అందరూ ఆకాశం ఎట్లుందో రాయాలి. రీడింగ్ కింద నుంచే, ఆప్‌లోనో మీటర్ దగ్గరో చూడాలి, పిలకాయల్ని ఒంటరిగా మిద్దె మీదికి పంపొద్దు, ఇది గట్టిగా చెప్తా ఉన్నా. భోగి మంటల మసి ప్యానెల్ మీద పడితే మర్నాడు పొద్దున్నే, ప్యానెల్ కాలకముందు, మీరే మెత్తటి గుడ్డా మామూలు నీళ్లతో తుడవండి, మధ్యాహ్నం కాలిపోయే గ్లాసు మీద చన్నీళ్లు పోస్తే చిట్లే ప్రమాదం ఉంది.

నోట్‌బుక్స్ సెలవులయినాక మొదటి రోజే పంపించండి, ఎవరింట్లో లెక్క వింతగా ఉంటే వాళ్లతో నేనే మాట్లాడతా.

ఇట్లు,
మీ హెచ్‌ఎం