మధ్యాహ్నం వరి ఆకు ఎందుకు చుట్టుకుంటుంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దాళ్వా చేలు పొట్టకొచ్చే రోజులివి. కాలువ నీళ్లు వంతులవారీగా వస్తుంటే శివారు పొలాలవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో పిల్లలు ఇంట్లో వింటూనే ఉన్నారు. అందుకే ఈ నెల సైన్స్ పాఠాన్ని చేను నుంచే మొదలుపెట్టాం: నీరు తగ్గితే మొక్క ఏం చేస్తుంది?

తొమ్మిదో తరగతి పిల్లలు మందారం ఆకు అడుగున రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక టేపుతో ఆ పొర లాగి మైక్రోస్కోప్ కింద పెట్టారు. చిన్న చిన్న పెదవుల్లా అచ్చుపడి కనిపించినవే పత్రరంధ్రాలు. వేళ్లు పీల్చిన నీటిలో 90 శాతానికి పైగా ఆవిరైపోతుంది, అందులో ఎక్కువ భాగం ఈ దారినే. రంధ్రానికి రెండు పక్కలా ఉన్న రక్షక కణాలు నీటితో ఉబ్బితే అది తెరుచుకుంటుంది, సడలితే మూసుకుంటుంది. నేల ఎండేకొద్దీ మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. దాని ప్రభావంతో రక్షక కణాల్లోని పొటాషియం బయటికి పోతుంది, వెంటే నీరూ పోతుంది.

రంధ్రం మూసుకుంటే నీరు మిగులుతుంది కానీ, కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడం తగ్గి ఆకులో ఆహారం తయారీ కుంటుపడుతుంది. పొట్ట దశలో నీళ్లు తప్పితే తాలు పెరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. దాని కారణాల్లో ఇదీ ఒకటి.

వరి ఇంకో పని కూడా చేస్తుంది. ఆకు పైభాగాన వరుసగా ఉన్న పెద్ద కణాలు నీరు కోల్పోయి ముడుచుకుంటే ఆకు నిలువునా చుట్టుకుంటుంది, ఎండ తగిలే మేర తగ్గుతుంది. దయచేసి దాన్ని ఆకుముడత అనుకుని మందు కొట్టకండి. పురుగు ముడిచిన ఆకును విప్పితే సన్నని దారాలు, గీకేసిన తెల్లటి చారలు కనిపిస్తాయి. ఎద్దడికి చుట్టుకున్న ఆకు మొదట్లో తెల్లారేసరికి విచ్చుకుంటుంది. పొద్దున కూడా విచ్చుకోలేదంటే చేనుకు వెంటనే నీళ్లు కావాలి.

ఈ ఆదివారం పొద్దున్నే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పిల్లల్ని చేలోకి తీసుకెళ్లి ఒకే దుబ్బు చూపించండి. రెండు బొమ్మలూ గీసుకుని రావాలి. పొలం లేనివాళ్లకు పెరట్లో అరటిచెట్టు చాలు: ఎండ ముదిరితే దాని ఆకు రెండు సగాలూ కిందికి వాలతాయి. మీరు గట్టు మీద నిలబడి చెప్పే మాట పిల్లలు వినాలని నా గట్టి కోరిక.

సోమవారం బడి వదిలాక మైక్రోస్కోప్ వరండాలో ఉంచుతాం. వీలైతే మీరూ వచ్చి చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని