చర్చి మైకు సిద్ధంగా ఉంది, బుడమేరు గట్టు సంగతి తేల్చండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ 31 రాత్రి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్లో చర్చిలన్నీ కిక్కిరిసిపోతాయి. పన్నెండు దాకా పాటలు, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు, ప్రార్థన, ఆపైన బైబిలు వాక్యం రాసిన కొత్త ఏటి వాగ్దాన కార్డులు. ఏటా జరిగేదే. కానీ ఈ 2024 చివర ఆ ఆరాధనకు వచ్చేవాళ్లలో ఎంతోమంది సెప్టెంబర్ 1 నాటి బుడమేరు వాగు వరదలో ఇంట్లో సామానంతా పోగొట్టుకున్నవాళ్లు. మా చర్చి సంఘమూ ఆ బాధితుల్లోదే.

మా చర్చిలో నీళ్లు ప్రసంగ వేదిక (పుల్పిట్) దాకా వచ్చాయి. కీబోర్డు, స్పీకర్లు పోయాయి. తడిసి ముద్దయిన పాటల పుస్తకాలను ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని పేజీ పేజీ విడదీసి దండేల మీద ఆరేశారు. క్రిస్మస్‌కు రంగు వేయించినా గోడ మీద నీటి చార ఇంకా లేతగా కనిపిస్తూనే ఉంది. మేడమీది సండేస్కూలు గదిలో ఆ రోజుల్లో వీధి వీధంతా తలదాచుకుంది. ఎవరిది ఏ మతమని అడిగినవాళ్లు లేరు.

కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేల రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. మాలో చాలా ఇళ్లు ఆ డబ్బుతోనే మళ్లీ నిలదొక్కుకున్నాయి, ఆ మాట చెప్పి తీరాలి. అయితే లెక్కలు రాసుకున్నప్పుడు సొంతూళ్లకు వెళ్లి ఉన్న అద్దె కుటుంబాలు కొన్ని మిగిలిపోయాయి. కొత్త సంవత్సరపు తొలి కానుక వాళ్లకే ఇవ్వాలని సంఘంలో తీర్మానించుకున్నాం. వాళ్లు మా చర్చికి వచ్చేవాళ్లా కాదా అన్నది చూడం. మిగతా సంఘాల పెద్దలు కూడా ఆలోచించాలని మనవి.

కానుకలతో గట్టు మాత్రం నిలబడదు. మైలవరం వైపు కొండల నుంచి దిగే బుడమేరు వరదను వెలగలేరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి కృష్ణలో కలపాలి. మొన్నటి వరదలో ఆ కాలువ గట్టుకే గండ్లు పడ్డాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. ఇది మొదటిసారీ కాదు, 2005లోనూ ఈ బుడమేరే ఊళ్లోకి వచ్చింది. గట్లు శాశ్వతంగా బలపరచడానికి, పూడిక తీయడానికి జనవరి నుంచి మే వరకే అదను. జూన్ వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. ఆక్రమణలు తొలగించడం న్యాయమే. కానీ కూలి డబ్బుతో ముక్క స్థలం కొనుక్కున్న పేదలకు ముందు మరో చోటు చూపించాలి.

ఇంకొకటి, ముందస్తు హెచ్చరిక. ఆ రోజు మా వీధికి కబురు కన్నా నీళ్లే ముందొచ్చాయి. చర్చికీ మసీదుకూ గుడికీ మైకులున్నాయి. వార్డుకు ఇద్దరు ముగ్గురి నంబర్లు అధికారుల దగ్గర ఉంటే, ఒక్క ఫోనుతో అర్ధరాత్రయినా వీధిని లేపగలం. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు.

మా సంఘంలో ఒక పెద్దావిడ మబ్బు పడితే చాలు, రేషన్ కార్డు, మనవడి సర్టిఫికెట్లు ఉన్న సంచి తీసి అటక మీద పెట్టేస్తుంది. దేవుడు కాపాడాడని 31 రాత్రి సాక్ష్యం చెప్పబోయేదీ ఆవిడే. ఆ నమ్మకం నాకూ ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గట్టు పని ఎంతవరకు వచ్చిందో జలవనరుల శాఖవారు జనవరిలోనే వరద ప్రాంతాల ప్రజలకు నేరుగా చెప్పాలి. సభకు చోటు కావాలంటే ఆదివారం మధ్యాహ్నాలు మా హాలు ఖాళీగానే ఉంటుంది. కుర్చీలు మేమే వేస్తాం.

– ఒక సంఘ సభ్యురాలు, సింగ్‌నగర్, విజయవాడ