పిల్లల కోసమే ఓర్చుకుంటున్నామనే తల్లులకు, వారి ఇంటివారికి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల వివరాలు, సెలవుల జాబితా వెనుక పేజీలలో ఉన్నాయి. ఈ పేజీలో మాత్రం ఇళ్లలో స్త్రీలపై జరిగే హింస గురించి, అది పిల్లలను ఏం చేస్తుందనే దాని గురించి రాస్తున్నాను. రాత్రి ఇంట్లో జరిగినది తెల్లవారేసరికి మా తరగతి గదిలోకే వస్తుంది కనుక ఇది పాఠశాల మాట్లాడవలసిన విషయమే.

ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఒక్కటి చెబుతాను. ఒక పిల్లవాడు విరామం గంట కొట్టగానే ఆఫీసు గదికి వచ్చి, ఇంటికి ఫోన్ చేయమని అడిగేవాడు. తల్లి గొంతు వినపడగానే పెట్టేసి వెళ్లిపోయేవాడు. ఆమె ఫోన్ ఎత్తని రోజున ఇక ఏ పాఠమూ తలకెక్కేది కాదు, వెనుక నుంచి ఎవరు పిలిచినా ఉలిక్కిపడేవాడు.

ఆ బిడ్డ ఒంటి మీద ఒక్క దెబ్బా లేదు. కానీ భయం నిండిన ఇంట్లో పెరిగే పిల్లల శరీరం ఎప్పుడూ ప్రమాదాన్ని కాచుకునే ఉంటుంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, నిద్ర చెదురుతుంది, పరీక్ష చేస్తే కారణం దొరకని కడుపునొప్పి వస్తుంది. కొందరు తోటివారిని కొడతారు, కొందరు అసలు నోరే విప్పరు. 1998లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం, పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులతోనూ కుంగుబాటుతోనూ ముడిపడిన బాల్యపు కష్టాలలో, తల్లి దెబ్బలు తినడాన్ని కూడా ఒకటిగా లెక్కించింది. అందుకే, "పిల్లల కోసమే ఓర్చుకుంటున్నాను మేడమ్" అని ఏ తల్లి అన్నా నాకు బాధ కలుగుతుంది. ఆమె ఓర్చుకుంటున్నదంతా ఆ పిల్లలూ ఓర్చుకుంటున్నారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెళ్లయిన స్త్రీలలో 100కు సుమారు 29 మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. హింసను ఎదుర్కొన్న స్త్రీలలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకున్నా "సర్దుకుపోమ్మా" అనే పెద్దలే ఎక్కువ. ఆ పెద్దలకు కూడా ఈ లేఖ చదివి వినిపించండి.

2005 గృహహింస చట్టం కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. పిల్లల ముందు నీచంగా తిట్టడం, మిరపకాయల తొడిమలు తీసి తెచ్చుకున్న కూలినైనా బ్యాంకు ఉద్యోగపు జీతాన్నైనా లాగేసుకోవడం, పుట్టింటితో మాట్లాడనివ్వకపోవడం కూడా దాని కిందికే వస్తాయి. ఇల్లు భర్త పేరునో అత్తగారి పేరునో ఉన్నా, తాను కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకు ఉంది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వులు, ఖర్చులకు డబ్బు, పిల్లలను తాత్కాలికంగా తల్లి దగ్గర ఉంచే ఆదేశం ఇవ్వవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మహిళా సహాయానికి 181కు, ప్రాణభయం ఉంటే వెంటనే 112కు ఫోన్ చేయవచ్చు.

తండ్రులకు ఒక మాట. రాత్రి తల్లి మీద చేయి చేసుకుని పొద్దున్నే బిడ్డకు కొత్త బ్యాట్ కొనిచ్చినంత మాత్రాన ఆ బిడ్డ మరచిపోడు. కోపం అదుపులో లేదని మీకే తెలిస్తే, మద్యం వల్ల ఇల్లు చెడుతున్నదని తెలిస్తే, వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఎవరిని కలవాలో తెలియకపోతే నన్ను అడగండి, ఏ మాటా అనకుండా చెబుతాను.

ఇంటి సంగతులు చెప్పమని మేము పిల్లలను నిలదీయము, సాక్ష్యం అడగము, డైరీలో ఏమీ రాసి పంపము. బిడ్డ ఒంటి మీదే గాయాలు కనిపిస్తే మాత్రం పిల్లల సహాయానికి ఉన్న 1098కు ఫోన్ చేసి తెలియజేస్తాము; ఈ విషయం మీకు ముందే చెప్పడం న్యాయం. మాట్లాడదలచిన తల్లులు ఫీజు కట్టే వంకతోనైనా, పనిదినాలలో సాయంత్రం 4 తరువాత నా గదికి రావచ్చు. మీతో చిన్న పిల్లలుంటే ఆయమ్మ చూసుకుంటుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు