ఆస్పత్రిలోనే ఆట మొదలు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. పారాలింపిక్స్ జరిగినప్పుడల్లా పత్రికలు పతక విజేతల గురించి మనసారా రాస్తాయి. అవి చదివి నేనూ ఎంతో సంతోషిస్తాను. అయితే ఆ కథనాల్లో ప్రమాదం ఒక వాక్యంలో, పతకం ఆ పై వాక్యంలో వచ్చేస్తాయి. రెంటి నడుమ గడిచిన ఏళ్లు కనిపించవు. 2012లో కారు ప్రమాదంలో గాయపడి నడక కోల్పోయిన అవని లేఖరా, టోక్యోలో షూటింగ్ స్వర్ణం గెలిచింది 2021లో. ఆ తొమ్మిదేళ్ల వంటి కాలాన్ని, పతకాలేవీ లేకుండానే, నేనూ గడిపాను. రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని ఛాతీ కింది భాగమంతా చచ్చుబడినవాడిగా ఆ కాలం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నన్ను బతికించడానికి అందరూ శ్రమించారు. ఆ రుణం తీరేది కాదు. పుండ్లు పడకుండా వేళకు పక్కకు తిప్పారు, మంచం మీది నుంచి కుర్చీలోకి జరగడం నేర్పారు, ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితంలో చేయకూడని పనులే ఎక్కువ. చేయదగినవి ఏమిటో, రేపు పొద్దున్న దేనికోసం లేవాలో అందులో లేదు. ఇంట్లో అన్నీ నా చేతికే అందించేవారు. నేను లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ మిగలలేదు. ఒంటి నొప్పి కంటే అదే నన్ను ఎక్కువగా కుంగదీసింది.

దాదాపు రెండేళ్ల తరువాత ఒక ఫిజియోథెరపిస్టు పట్టుబట్టడంతో చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ సాధనకు వెళ్లాను. మొదటి రోజు అక్కడ నేర్పినదల్లా నేల మీది బంతిని ఒళ్లోకి తీసుకోవడం. నడుముకు పట్టు లేనివాడు కిందికి వంగితే మళ్లీ లేవడం కష్టం. అందుకని బంతి పక్కగా కుర్చీని పోనిచ్చి, ఆ ఊపు తగ్గకముందే బంతిని అరచేత్తో చక్రానికి అదిమి పట్టాలి. తిరిగే చక్రమే దాన్ని పైకి మోసుకొస్తుంది. ఆ సాయంత్రం బంతి ఎన్నిసార్లు జారి దొర్లిపోయిందో లెక్క లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. చీకటి పడే వేళకు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బంతి చక్రం వెంట పైకి వచ్చి నా ఒళ్లో పడింది. శిక్షకుడు నన్ను మెచ్చుకోలేదు. “రేపు ఐదింటికల్లా రండి, మీరు రాకపోతే జట్టుకు ఒకరు తక్కువవుతారు” అన్నారు. నేను లేకపోతే తక్కువయ్యేది ఒకటుందని విని అప్పటికి రెండేళ్లయింది.

ఆయన ఆ మాట నన్ను ఓదార్చడానికి అనలేదని ఆట నియమాలు తెలిశాక గ్రహించాను. ఈ ఆటలో శరీరం మీద ఉన్న పట్టును బట్టి ప్రతి ఆటగాడికీ 1.0 నుంచి 4.5 వరకు పాయింట్లు కేటాయిస్తారు. అంతర్జాతీయ నియమాల ప్రకారం కోర్టులో ఉన్న ఐదుగురి పాయింట్లు కలిపితే 14 దాటకూడదు. బుట్ట ఎత్తు మాత్రం అందరికీ ఉన్నదే, 3.05 మీటర్లు. అంటే బాగా కదలగలిగినవారినే ఐదుగురినీ దింపి గెలుద్దామంటే కుదరదు. నాది 1.0. నాలాంటివాడు కోర్టులో ఉంటేనే 4.5 పాయింట్ల ఆటగాడికి చోటు దొరుకుతుంది. నేను బుట్టలో బంతి వేసేది అరుదు. ఎదుటివారి దారికి నా కుర్చీని అడ్డంగా నిలిపి మావాడికి తోవ చేయడం నా పని. బయట నాకు లోటుగా లెక్కకొచ్చేదే ఇక్కడ జట్టు కూర్పుకు అవసరమైంది. ఇంత న్యాయమైన లెక్క నేను మరెక్కడా చూడలేదు.

అసలు ఈ క్రీడల పుట్టుకే ఆస్పత్రిలో జరిగింది. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము గాయాల విభాగాన్ని 1944లో ప్రారంభించిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, ఆటను చికిత్సలోనే భాగం చేశారు. లండన్ ఒలింపిక్స్ మొదలైన 1948 జులై 29నే ఆ ఆస్పత్రి ఆవరణలో గాయపడిన 16 మంది మాజీ సైనికులతో, వారిలో మహిళలు కూడా ఉన్నారు, విలువిద్య పోటీ పెట్టించారు. 1960లో రోమ్‌లో జరిగిన తొలి పారాలింపిక్స్‌కు అదే మూలం. 1965 యుద్ధంలో తూటా గాయాలపాలైన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో ఈత స్వర్ణం గెలవడం వెనక ఉన్నదీ ఆస్పత్రి తరువాత పట్టుకున్న ఆటే.

ఆట పోయిన కాళ్లను తిరిగి తెస్తుందని నేను చెప్పడం లేదు. జాగ్రత్తలూ తప్పవు. వెన్నుపాము పైభాగంలో గాయమైనవారికి గాయం దిగువన చెమట సరిగా పట్టదు, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది. మూత్రాశయం నిండినా రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకవచ్చు. కాబట్టి వైద్యుల సలహా లేకుండా ఎవరూ దిగకూడదు. ఆటల మీద మనసు లేనివారిని బలవంతం చేయకూడదు కూడా. కానీ ఇలాంటిది ఒకటుందన్న సంగతైనా ఇంటికి వెళ్లే రోజే చెప్పాలి. నాకు ఆ కబురు రెండేళ్లు ఆలస్యంగా అందింది.

అందుకే వైద్యులకు నా విన్నపం ఒక్కటే: ఫిజియోథెరపీ గదిలో డంబెల్స్ పక్కన ఒక బంతిని కూడా ఉంచండి, మందుల చీటీతో పాటు దగ్గరలోని ఆటల జట్టు వివరాలు రాసివ్వండి. మీకు మరో విన్నపం. పతకం వార్త వేసిన రోజున, ఇలాంటి సాధన ఎక్కడ, ఏ వేళల్లో జరుగుతుందో దాని కిందే రెండు పంక్తులు వేయండి. ఆ పేజీని మంచం మీద పడుకుని చదివేవారు ముందుగా వెతికేది ఆ రెండు పంక్తుల కోసమే.

ఇట్లు,
చక్రాల కుర్చీ బాస్కెట్‌బాల్ ఆడే మీ పాఠకుడు