దత్తత కుటుంబాలకు అసలు తోడు కావలసింది పదమూడో ఏట

సంపాదకులు గారికి,

నమస్కారం. దత్తత పిల్లలు ఎదిగే వయసులో ఎదురు తిరిగితే తల్లిదండ్రులు చట్టానికి లోబడి ఏం చేయగలరో, వారికి ఎవరు దారి చూపాలో మన జిల్లాల్లో ఎవరికీ స్పష్టంగా తెలియడం లేదు. అది అనుభవించినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి ఎనిమిది నెలల పసివాడిగా శిశుగృహ నుంచి మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు. దత్తత సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ వాడికి తెలుసు, మేమే చెప్పాం. కిందటేడు నుంచి బడి ఎగ్గొట్టడం, మాటకు మాట ఎదురు చెప్పడం మొదలైంది. బండి తాళం బీరువాలో దాచితే డూప్లికేట్ చేయించుకున్నాడు. ఒక రాత్రి పదిన్నరకు పోలీసులు ఆపి స్టేషన్లో కూర్చోబెట్టారని ఫోన్ వస్తే పరుగున వెళ్లాను. మాటల్లో దత్తత విషయం బయటపడేసరికి అక్కడి ఉద్యోగి ఒకరు, "ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో అక్కడే అప్పజెప్పి రండి సార్, మీకెందుకీ తలనొప్పి" అన్నారు. మా అబ్బాయి ఆ పక్కనే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంటికి వచ్చాక, వాడు తలుపు వేసుకోబోతుంటే చెయ్యి పట్టి లాగి కొట్టాను. అది నా తప్పు, వాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ ఉద్యోగి అన్న మాటకు చట్టంలో చోటు లేదు. దత్తత ఉత్తర్వు అమలులోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా పెంచినవారికి పుట్టిన బిడ్డతో సమానమని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద సక్రమంగా జరిగిన దత్తతనైతే తల్లిదండ్రులు గానీ మరొకరు గానీ రద్దు చేయలేరు. కొట్టి దారికి తెస్తామనుకునేవారు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. సంరక్షణలో ఉన్న పిల్లలకు అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగేలా దాడి చేసినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసినా జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. సంరక్షకులు మేలు కోరి సద్బుద్ధితో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు కూడా పన్నెండేళ్లలోపు పిల్లల విషయంలోనే.

మరోవైపు మైనరు బండి నడిపి నేరం చేస్తే, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, రూ. 25 వేల జరిమానా ఉన్నాయి. తనకు తెలియకుండా జరిగిందనో, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననో రుజువు చేసుకునే భారం తండ్రిదే. ఈ చట్టాలను నేను తప్పుపట్టడం లేదు, రెండూ పిల్లల ప్రాణం కోసమే వచ్చాయి. కానీ చెయ్యెత్తకూడని, చేతులెత్తేయకూడని తల్లిదండ్రుల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది.

వారికి తోడు ఎవరు? దత్తత నియమాల ప్రకారం బిడ్డ ఇంటికి వచ్చాక రెండేళ్ల పాటు, ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. మా ఇంటికీ వచ్చారు, బరువు అడిగారు, టీకాల కార్డు చూశారు, బోసినవ్వుల ఫొటో తీసుకున్నారు. నెలల పిల్లలను దత్తత తీసుకున్న ఇళ్లకు ఆ రాకపోకలు మూడో ఏడు నిండకముందే ఆగిపోతాయి. "నన్నెందుకు వదిలేశారు" అన్న ప్రశ్న బిడ్డ గుండెలో రగిలేది ఆ తరువాత పదేళ్లకు.

స్టేషన్ సంఘటన జరిగిన వారానికి నా భార్య పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసింది. అలా జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లగలిగాం. ఆమె మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో గంటసేపు మాట్లాడారు. వాడు ఆమెను మొదట అడిగింది, "నన్ను మళ్లీ అక్కడే వదిలేస్తారా మేడం?" అనట. స్టేషన్లో విన్న మాటను వాడు వారం రోజులు ఎవరికీ చెప్పకుండా మోశాడు. కన్నవారి వివరాల కోసం పద్దెనిమిదేళ్లు నిండాక తానే దరఖాస్తు చేసుకోవచ్చని, అంతకన్నా ముందే కావాలంటే మాతో కలిసి అడగవచ్చని ఆమె చెప్పేదాకా వాడికే కాదు, మాకూ తెలియదు. ఎన్ని గంటలకు ఇల్లు చేరాలి, ఫోన్ ఎప్పుడు పక్కన పెట్టాలి, మేం ఏ మాటలు అనకూడదు అన్నవి ఒక కాగితం మీద రాయించి ముగ్గురి చేతా సంతకం పెట్టించారు. అది ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. బండి జోలికి మళ్లీ వెళ్లలేదు. బడి మాత్రం ఇంకా అప్పుడప్పుడు ఎగ్గొడుతున్నాడు.

ఇదంతా మా అదృష్టం కొద్దీ దొరికిన సాయం. రెండు రాష్ట్రాల మహిళా, శిశు సంక్షేమ శాఖలను నేను కోరేది ఒకటే. బిడ్డకు పన్నెండేళ్లు నిండగానే జిల్లా బాలల పరిరక్షణ విభాగమే ఆ ఇంటికి ఫోన్ చేసి, కుటుంబం ఇష్టపడితే పద్దెనిమిదేళ్ల దాకా కౌన్సెలరును అందుబాటులో ఉంచాలి. అలాగే, ప్రతి పోలీస్ స్టేషన్లోనూ ఏఎస్సై హోదాకు తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలని జువెనైల్ జస్టిస్ చట్టం 107వ సెక్షన్ ఏనాడో చెప్పింది కనుక, ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు స్టేషన్ గుమ్మం దగ్గర బోర్డు మీద రాయించమని పోలీసు శాఖను కోరుతున్నాను.

మా అబ్బాయి గోప్యత కోసం నా పేరు ప్రచురించవద్దని మనవి. ఈ లేఖను పంపేముందు వాడికి చదివి వినిపించాను, వాడు సరేనన్నాకే పంపుతున్నాను.

ఇట్లు,
ఒక తండ్రి,
హనుమకొండ