మ్యూట్‌లో ఇంగ్లిష్ ఎలా వస్తుంది?

సంపాదకుడికి,

అయ్యా,

ఈ సెమిస్టర్ మొత్తంలో ఆన్‌లైన్ ఇంగ్లిష్ క్లాసులో నేను నోరు తెరిచి అన్న వాక్యం ఒక్కటే: "యామ్ ఐ ఆడిబుల్, మేడమ్?" అదొక్కటి మాత్రం తడబడకుండా వచ్చేసింది.

మాది హిందూపురం. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇక్కడ బెంగళూరులో బీకామ్ రెండో ఏడాది చదువుతున్నాను. 2020 లాక్‌డౌన్‌లో పాఠాలన్నీ ఫోన్లోనే చెప్పారంటే అర్థం ఉంది. ఇప్పుడు అకౌంట్స్‌కి, స్టాటిస్టిక్స్‌కి గదులు దొరుకుతున్నాయి, ఇంగ్లిష్‌కే దొరకడం లేదు. మూడు సెక్షన్లనూ ఒకే లింకులో కలిపేస్తున్నారు. ఎవరు మైకు తెరిచినా వెనక కుక్కర్ విజిలో, రోడ్డు మీది హారనో. దాంతో చేరగానే అందరినీ మ్యూట్ చేసేస్తారు.

మొన్న పాస్ట్ టెన్స్ చెప్పారు. మేడమ్ "వాక్", "వాక్ట్" అని పలికి, తేడా విన్నారా అని అడిగారు. మా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) వైఫైలో రెండూ "వా" దగ్గరే తెగిపోయాయి. ఎదురుగా ఉంటే కనీసం పెదవుల కదలికైనా చూసేదాన్ని. చాట్‌లో వరసగా "ఎస్ మేడమ్"లు పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను.

రికార్డింగులు మంచివే, కాదనను. ఉత్తరం రాయడం గురించిన పాఠం మూడుసార్లు వేసుకుని విన్నాను, నా రాత బాగుపడింది. గదిలో లేచి అడగడానికి జంకే నా స్నేహితురాలు చాట్‌లో ధైర్యంగా ప్రశ్నలు వేస్తుంది. వినడానికీ రాయడానికీ ఫోను పనికొస్తోంది. మాట్లాడటానికే రావడం లేదు.

"బెంగళూరులో ఉంటూ ఇంగ్లిష్‌కి కొరతేంటమ్మా?" అంటారు మా నాన్న. ఆయన మారతహళ్ళిలో మా పీజీ చూడలేదు. ఓనరు నెల్లూరాయన, కింద కర్రీ పాయింట్, రూములో నలుగురమూ సీమవాళ్ళమే. ఇంగ్లిష్ ముక్క లేకుండా, ఆ మాటకొస్తే కన్నడ ముక్క కూడా లేకుండా, నెలలు గడిచిపోతాయి. నేను ఇంగ్లిష్‌లో మాట్లాడక తప్పని చోటంటూ ఉంటే అది ఆ క్లాసే. అది కూడా మెట్ల మీద కూర్చుని వింటాను, ఎందుకంటే రూములో ఒకక్కకి నైట్ డ్యూటీ, పగలు నిద్రపోవాలి.

సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా చదవొచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. స్లైడ్లు చదివి వినిపించే సబ్జెక్టులు మాకు చాలానే ఉన్నాయి. వాటిని ఫోనుకి పంపి, ఆ గది ఇంగ్లిష్‌కి ఇవ్వొచ్చు కదా? వారానికి ఒక్క గంట, పదిహేను మంది చొప్పున కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలు. దక్షిణాది టీచర్లకు ఇంగ్లిష్ బోధనలో శిక్షణ ఇవ్వడానికి 1963లో పెట్టిన ప్రాంతీయ సంస్థ ఈ ఊళ్ళోనే, జ్ఞానభారతిలో ఉంది. మా లెక్చరర్లను అక్కడికి పంపే ఏర్పాటేదైనా యూనివర్సిటీ చూడాలి.

వచ్చే నెల మాకు స్పోకెన్ ఇంగ్లిష్ ఇంటర్నల్. జవాబులు ఆన్‌లైన్ ఫారంలో టైప్ చేయాలట.

— ఒక బీకామ్ విద్యార్థిని,
మారతహళ్ళి, బెంగళూరు